గీత దాటాక

తెర అంచున ఒక చిన్న తెల్ల గీత ఉంటుంది.
కొనేవాళ్లెవరూ దాని గురించి అడగలేదు.
హామిల్టన్‌లో కెమెరాలమ్మిన పదహారేళ్లూ
నేనూ చెప్పలేదు.
పెట్టె మీద పెద్ద అక్షరాల్లో
అరవై రెట్లు అని ఉండేది. అదే చాలేది.

ఇవాళ గవ్వల దిబ్బ మీద
మెరెరంగి పక్కన కూర్చున్నాను.
ఆమె చేతిలో నేనమ్మిన కెమెరానే.
ముప్ఫయ్యేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి,
ఇప్పుడు పక్షుల కాళ్లు చదువుతోంది.

అలాస్కా నుంచి ఎక్కడా వాలకుండా
పదకొండు రోజులు ఎగిరొచ్చిన కువాకాలు
దూరాన బురద మీద
ఎవరో ఒలకబోసిన మిరియాల్లా ఉన్నాయి.
ఒకదాని కాలికి తెల్ల పట్టీ, దాని మీద మూడక్షరాలు.
మూడేళ్ల కింద తన చేత్తో తొడిగిందేనేమో అని
ఆమె ఆశ.

మీట నొక్కింది.
గుర్రుమంటూ గొట్టం ముందుకు సాగింది.
లోపల అద్దాలు ఒకదాన్నుంచి ఒకటి జరుగుతుంటే
అక్కడి వెలుతురు నిజంగానే మరింత విప్పుకుంటోంది.
మిరియం పక్షయింది.
పక్షికి ముక్కొచ్చింది, కొసన కాస్త పైకి వంగిన ముక్కు.
గీత వచ్చింది.

ఇంకా నొక్కింది.
చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకు తెలుసు.
అద్దాలు నిలిచిపోయి కత్తెర మొదలయ్యే చోటది.
బొమ్మ నడిమి ముక్కను కత్తిరించి
తెర నిండేదాకా లాగుతుంది.
అదే పిండి, రొట్టె మాత్రం పెద్దది.
లాగినచోటల్లా ఖాళీ గడులు తెరుచుకుంటాయి.
ఏం పెట్టాలో దానికీ తెలీదు.
ఇటు గడినడిగితే నలుపంటుంది,
అటు గడి తెలుపంటుంది,
అయితే మధ్యది బూడిద రంగై ఉంటుందిలే అని
పూసేసి ముందుకు పోతుంది.
అబద్ధమనలేను.
ఇరుగుపొరుగు మాట విని రాసుకున్న సాక్ష్యం.

"బీయా, ఈయా?" అంది మెరెరంగి.

తెర మీద కాలు మెట్లుమెట్లుగా విరిగి ఉంది.
నాకు బీ లానే కనబడింది.
ఆమె మొహం చూశాక మరీ బీ.
నోరు తెరిచాను.
గోరంతను కొండంత చేసి అమ్మిన నోరు.

"గీత దాటారు," అన్నాను చివరికి.
"ఇక్కణ్నుంచి అది ఊహించుకుంటుంది."

"కొన్నరోజే చెప్పాల్సిన మాట,"
అంది నా వైపు చూడకుండా.
మీట వెనక్కి తిప్పింది. పక్షి మళ్లీ మిరియమైంది.
కాకిలెక్కలు ఆమె పుస్తకంలో ఉండవు.
పెన్సిలు చెవిలో దోపుకుని
ఫ్లాస్కు మూత తీసింది.
"ఉండు, సముద్రమే తెస్తుంది."

పోటు మొదలైంది.
గజం గజం బురదను మింగుతూ
నీళ్లు పక్షుల్ని మా వైపు తోసుకొచ్చాయి,
మోటారు లేకుండా, ఒక్క గడి కూడా ఊహించకుండా.
ముందు ముక్కులు.
తర్వాత రెక్కల మీది గోధుమరంగు చారలు.
తర్వాత, టీ చల్లారిపోయాక, కంట్లో తడి.

నలభై అడుగుల్లో ఆగింది మా పక్షి.
కెమెరా అక్కర్లేని దూరం.

ఒంటికాలి మీద నిద్రపోతోంది,
పట్టీ ఉన్న కాలు
పొట్ట ఈకల్లో దాచుకుని.

మెరెరంగి నవ్విన నవ్వుకు
పక్కనున్న నాలుగు తలలు తిరిగాయి.
అది మాత్రం కదల్లేదు.
పుస్తకం తెరిచి తేదీ వేసింది, గాలి ఎటునుంచో రాసింది,
అక్షరాలు రాయాల్సిన గడిని
ఖాళీగా ఉంచింది.