నడిచిన దూరం

రాజాజీ సాలైలో మా ఆఫీసు, రెండో అంతస్తు.
ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా
ఒక పాత పిస్టన్ బరువు పెట్టుకుంటాను.
ఇరవై రెండేళ్ళుగా ఓడల మీంచి కార్లు దింపిస్తున్నాను,
ఒక్కటీ నడపలేదు.
తండయారుపేట నుంచి బస్సులో వస్తాను.
చాలాసార్లు నిలబడే.

సుధాంశు మొదటిసారి వచ్చినప్పుడు
హెల్మెట్ తీయకుండానే ఫోన్ నా ముందు పెట్టాడు.
నీలం కారు. రెండే తలుపులు. వెనక ఒక రెక్క.
"జపాన్లో వేలంలో దొరికిందక్కా.
వాళ్ళూ మనలాగే రోడ్డుకి ఎడమపక్కనే పోతారు.
స్టీరింగ్ కుడివైపే. మీటరు కిలోమీటర్లలోనే.
ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలో చెప్పడమే నా ఉద్యోగం.

వాడిన బండి కదా, తయారై మూడేళ్ళు దాటకూడదు.
పొగ ఎంత వదుల్తుందో, బ్రేకు తొక్కితే ఎంతలో ఆగుతుందో
పరీక్ష పెట్టినవాళ్ళ సంతకం ఉండాలి.
దీపాల చూపు ఎదుటివాడి కళ్ళలో పడకూడదు.
ఏ రేవులో పడితే ఆ రేవులో దిగడానికి లేదు,
పాత బండి ముంబైలోనే దిగాలి.
సుంకం మాట ఆఖర్న చెప్పాను,
మంచినీళ్ళు తాగించి:
కారు ఖరీదు మీద ఇంకో కారు ఖరీదు,
ఆపైన కొంత.

అన్నిటికీ తలూపాడు. తర్వాత
"ఇది వినండి" అని ఫోన్లో ఇంజను చప్పుడు పెట్టాడు.
మా ఆరుముగం టీ గ్లాసులు వదిలేసి
కిటికీలోంచి వీధిలోకి తొంగి చూశాడు.

అంబత్తూరులో అతనిది లేతు షెడ్డు.
మిల్లీమీటరులో నూరోవంతు తేడా వచ్చినా
చేసిన వస్తువు తుక్కులో పడేస్తాడు.

అక్కడి ఏజెంటు రేవు పేరు తప్పు రాశాడు.
అది చాలదన్నట్టు తుఫాను.
మలక్కా దగ్గర లంగరేసి కూర్చుంది ఓడ.
ఎన్నూరులో దిగేనాటికి
తయారీ తేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాను,
ఆరుముగం చేత మళ్ళీ పెట్టించాను.
మూడేళ్ళ మీద పదకొండు రోజులు.
సముద్రం మీద ముసలిదైపోయింది ఆ బండి.

హియరింగ్‌లో ఆఫీసరు మంచివాడే.
ఆయన కంప్యూటరు తెర మీద ఒక ఎర్ర కారు,
కొండ మలుపులో.
ఆర్డరు చదువుతూ దాన్ని ఫైలు అడ్డంపెట్టి కప్పేశాడు.
వెనక్కి పంపాలి.
నేనే ఏదో వాదించబోయాను.
సుధాంశే నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు:
"పోనీండక్కా. తేడా అంటే తేడానే."

మణలి యార్డులో అది ఐదు నెలలుంది.
శుక్రవారాలు వచ్చేవాడు.
వాచ్‌మన్‌కి దయ కలిగినప్పుడు పది నిమిషాలు
లోపల కూర్చోనిచ్చేవాడు, తాళం ఇవ్వకుండా.
అద్దాలు ఎత్తి ఉండేవి.
లోపల నోటితో చప్పుడు చేస్తున్నాడని
ఇప్పటికీ నా అనుమానం.

పంపే రోజు బ్యాటరీ చచ్చిపోయింది.
నాలుగు వందల గుర్రాలంటారు,
ఒక్కటీ లేవలేదు.
ముగ్గురు కూలీలు, సుధాంశు, ఆరుముగం.
చెప్పులు విడిచి నేనూ ఒక చెయ్యి వేశాను.
ఎండకి రేకు కాలుతోంది,
కొంగు మడిచి అడ్డం పెట్టుకున్నాను.
కొంచెం మొండికేసింది. తర్వాత
టైర్ల కింద కంకర చిటపటమంది.
షెడ్డు నుంచి కంటెయినర్ నోటి దాకా
అరవై అడుగులుంటుందేమో,
మధ్యలో ఒక చిన్న మలుపు.
ఆ మలుపు దగ్గర సుధాంశు
కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పాడు.
అంత మెల్లగా తిప్పడం
ఎక్కడ నేర్చుకున్నాడో.

తలుపులు మూసి సీలు వేశారు.
అరచేతికి నీలం అంటలేదు, ఊరికే దుమ్ము.

సాయంత్రం ఆఫీసుకొచ్చి ఫారం నింపాను.
ఈ దేశంలో నడిచిన దూరం ఎంత, అని ఒక గడి.
పెన్ను కాసేపు ఆగింది.
సున్నా, అని రాశాను.

ఇరవై రెండేళ్ళలో
నా చేత్తో రాసిన అబద్ధం అదొక్కటే.