ఊరు కదల్లేదు

మాలకొండమ్మ తెచ్చిన కాగితం
ప్లాస్టిక్ సంచిలో, కందిపప్పు పొట్లం పక్కన
నాలుగు మడతల్లో ఉంది.
పంతొమ్మిది వందల అరవై రెండు.
మన్నేటి ఒడ్డున రెండెకరాల ముప్పై సెంట్లు
అవతలివాళ్ళ తాత వెంకయ్య
ఆమె మామ పెంచలయ్యకు అమ్మినట్టు.
సాక్షులిద్దరు, వేలిముద్ర ఒకటి,
అంచుల్లో టీ రంగు.

రేపు దాఖలు చెయ్యాలి.
కందుకూరు కోర్టు ఎదురుగా
జిరాక్సు షాపు మీది గదిలో
కరెంటు ఉన్నంతసేపూ చదివాను.
ఎక్కడో గీసుకుంటోంది,
కాలరు వెనక లేబుల్లా, ఒక మాట.

‘ఒంగోలు జిల్లా, కందుకూరు తాలూకా.’

అరవై రెండులో ఆ జిల్లా ఇంకా పుట్టలేదు.
డెబ్భైలో పుట్టింది,
రెండేళ్ళకే పేరు మార్చుకుంది,
మొన్నీమధ్య మమ్మల్ని తిరిగి నెల్లూరికి అప్పజెప్పింది.
ఊరు కదల్లేదు.
జిల్లాలే దాని మీదుగా
గొర్రెల మందల్లా దాటిపోయాయి.

యూనివర్సిటీలో ఖాదర్‌వలీ సార్
శాసనం చదవకముందు
రాతి చుట్టూ ఒకసారి తిరిగొచ్చేవారు.
“రాజు ఏమన్నాడో తర్వాత.
ఎవరు చెక్కారు, కూలి ఎవరిచ్చారు,
ఆ కాలానికి ఆ అక్షరం అలా వంగేదా,
అది ముందు అడగండి.”

“హిస్టరీ చదివి ఏం చేస్తావే,
కోటల దగ్గర గైడువవుతావా?” అన్న
మా చిన్నాన్నకు
అప్పుడు నా దగ్గర జవాబు లేదు.
ఇప్పుడుంది గానీ చెప్పుకునేలా లేదు.
నేర్చిన చదువు మొదటిసారి
నా కక్షిదారు మీదే తిరగబడింది.

పొద్దున్నే అడిగాను.
ఏమీ దాచలేదు.
“కాగితం లేంది కోర్టు వినదని
స్టాంపులాయన జెప్పినాడమ్మా.
మూడువేలు దీసుకున్నాడు.
టీనీళ్ళు గూడా ఆయనే పోసినాడు.
చేను అబద్ధం గాదు గదా?”
చెయ్యి చాపింది.
గోళ్ళ కింద నల్లటి పొగాకు జిగురు,
ఎవరూ తేదీ వెయ్యని దస్తావేజు.

“అవతలివాడు కుర్ర లాయరు,
గమనించడులే” అన్నారు సీనియర్ గారు.
గమనించకపోవచ్చు.
జడ్జిగారు కూడా డెబ్భై తర్వాత పుట్టినవారే.

సార్ ఇంకోటి అనేవారు,
క్లాసయ్యాక సుద్దపొడి దులుపుకుంటూ,
ఎవరూ రాసుకోని వేళ:
“దొంగ శాసనం వెనక నిజమైన ఆకలి ఉండొచ్చు.
అయినా అది దొంగ శాసనమే.”

కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి
కందిపప్పు పక్కనే సర్ది ఇచ్చేశాను.
వాయిదా అడిగాను.

ఇప్పుడు తాలూకాఫీసు రికార్డు గది.
ఫసలీ పదమూడు వందల డెబ్భై రెండు అడంగలు.
ఐదువందల తొంభై కలిపితే మన లెక్క.
అటెండరు మస్తాన్ కట్టలు దించుతున్నాడు,
తుమ్ముతున్నాడు,
మధ్యలో నన్ను తిట్టుకుంటున్నాడు.

సర్వే నంబరు సరిపోయింది.
అనుభవదారు గడిలో
కరణం తొందర్లో గీకిన ఒక్క అక్షరం,
ఆ తర్వాతంతా చెదలు.
‘పెం’ అనుకుంటాను.
‘వెం’ కూడా కావచ్చు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్తున్నాను.