బాకీ

అబిడ్స్‌లో ఆదివారం, షట్టర్ దించిన బట్టల షాపు ముందు
పాత గైడ్ల కుప్ప కింద దొరికిందీ నోటుబుక్కు.
ఇరవై అన్నాడు, పదిహేనుకిచ్చాడు.
అట్ట మీద తస్నీమ్ అని ఉంది,
ఆ తర్వాతి పేరును ఏదో వాన తినేసింది.
బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం.

మొదటి పేజీ నెత్తిన ఒకే ఒక్క సంఖ్య:
పన్నెండు కోట్ల ముప్ఫైనాలుగు లక్షల
యాభైఆరు వేల ఏడువందల ఎనభైతొమ్మిది.
చదివితే నోరు నొప్పి పుడుతుంది గానీ
ఒకటి నుంచి తొమ్మిది దాకా
వరసలో నిలబెట్టడమే.
ఒకటో తరగతి పిల్ల పలక మీద రాసేదే.

అంకెలు కూడితే నలభై ఐదు,
కనుక తొమ్మిది తేలిగ్గా ఊడొచ్చింది.
మిగిలిన కోటీ ముప్ఫైఏడు లక్షల పదిహేడు వేల
నాలుగువందల ఇరవైఒకటి
అక్కణ్ణించి మొండికేసింది.

ఏడుతో భాగిస్తే నాలుగు.
పదకొండుకి మూడు, పదమూడుకీ మూడే.
పదిహేడుకి రెండు. ఇక్కడ ఆశపడినట్టుంది,
పెన్సిలు కాగితాన్ని చింపింది.
ప్రతి శేషం పక్కనా ఉర్దూలో ఒకటే మాట.
పక్క కౌంటర్ మొహియుద్దీన్ చదివి పెట్టాడు:
బాకీ.

వాళ్ళకి బాకీ అంటే మిగిలింది.
మనకి బాకీ అంటే కట్టాల్సింది.
మింట్ కాంపౌండ్‌లో కరెంటు బిల్లుల కిటికీ వెనక
ఇరవైరెండేళ్ళుగా నేను
ఆ రెండోదే అరుస్తున్నాను.

నలభై పేజీలు.
ఒక్క ప్రధాన సంఖ్యనూ వదల్లేదు.
ఎక్కడిదాకా వెళ్ళాలో కూడా ఆమెకి తెలుసు,
మూడువేల ఏడువందల మూడు దాటితే
వెతకక్కర్లేదని అంచున రాసుకుంది.
మూడువేల ఐదువందల తొంభైమూడు దగ్గర
రెండువేల తొమ్మిదివందల నలభై, బాకీ.
ఆ తర్వాత రెండు ఖాళీ పేజీలు,
ఆ తర్వాత అదే చేతిరాతలో చాకలి పద్దు:
షేర్వాణీ ఒకటి, దుప్పట్లు మూడు.

మెహిదీపట్నం బస్సులో, సీటు దొరకని సాయంత్రం,
ఎవరో కట్టకుండా వదిలేసిన బిల్లు వెనక
ఆమె వదిలిన చోటు నుంచి మొదలుపెట్టాను.
వరసలో వెంటనే వచ్చేది
మూడువేల ఆరువందల ఏడు.
మాసబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కేలోపు లెక్క తేలిపోయింది.
మూడువేల ఎనిమిదివందల మూడు సార్లు.
మిగిలింది సున్నా.
రెండు లావుపాటి ప్రధాన సంఖ్యలు,
ఇన్నాళ్ళూ ఒకటో తరగతి పలకలో
నోరు మూసుకుని కూర్చున్నాయి.

ఒక్కటంటే ఒక్క భాగహారం, తస్నీమ్‌గారూ.

ఎందుకాపేశారో బుక్కులో లేదు.
విసుగొచ్చిందేమో. ఎవరైనా పిలిచారేమో.
ఎండాకాలం, పరీక్షల రోజులు,
మీ వీధిలో ఆ రాత్రి కరెంటు పోయి
తెల్లారేదాకా రాలేదేమో.

అదే అయితే మాత్రం
ఆ బాకీ మా ఆఫీసుది.
చెల్లించబడినది అనే ముద్ర నా డ్రాయర్‌లో ఉంది.
మీ నలభయ్యో పేజీ తెరిచి
దాన్ని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను,
ఇంకా వెయ్యలేదు.