కొసరు

చిహువాహువా ఎడారి అంచున
ఫిబ్రవరి చలి రాత్రి, ఒంటిగంట దాటాక
ఆకాశం పట్టపగలై, చిట్లి,
కోత అయిపోయిన చిక్కుడు చేల మీద
రాళ్లు చల్లి పోయింది.
ఎవుస్తోలియా మేకలు మూడు రోజులు పాలివ్వలేదు.

ఊరంతా ఏరుకుని
టోపీల వాళ్లకు అమ్ముకున్నారు.
ఆమె ఒక్కటి ఉంచుకుంది,
సంతలో గింజలు తూచడానికి.
ఇనప కిలోరాయి కన్నా అది ఓ పిసరు బరువు.
తెలిసే వాడింది.
ఎవరైనా ఎత్తిచూపితే
"పోనీలే, పిలోన్" అనేదట.
అక్కడి మాటలో పిలోన్ అంటే
కొసరు.

ఆమె పోయాక అల్లుడు క్రిస్పిన్
జోళ్ల పెట్టెలో పెట్టి అమ్మేశాడు.
చేతులు మారి మారి
నాన్సీలో, కిటికీ లేని ఈ గదిలో
నా బల్ల మీదికొచ్చింది.

రంపం పెడితే లోపల తెల్లటి మచ్చ,
అన్నం మెతుకంత.
భూమి ఇంకా భూమి కానప్పుడు
సూర్యుడి చుట్టూ మొదట గడ్డకట్టిన నలుసు.
అయాన్ల సూదితో దాన్ని గీకుతూ
బోరాన్ లెక్కపెట్టాను: పది, పదకొండు.
బెరీలియం ఎక్కువున్న చోటల్లా
పదో బోరాన్ ఓ పిసరు ఎక్కువ.

మళ్లీ తూచాను.
యంత్రాన్ని తిట్టి, మళ్లీ.
ఒదీల్ వచ్చి తెలిసిన గాజుముక్క పెట్టి చూసింది.
"తక్కెడ సరిగ్గానే ఉంది. రాయే ఎక్కువిస్తోంది."

అయితే ఇక్కడ ఒకప్పుడు
బెరీలియం-పది ఉండేదన్నమాట.
పద్నాలుగు లక్షల ఏళ్లకోసారి సగం అరిగి
బోరాన్‌గా మిగిలే సరుకు.
నక్షత్రాల పొయ్యి మీద అది తయారవదు,
పడ్డా మాడిపోతుంది.
ఆక్సిజన్‌ను వేగంగా ఏదో వచ్చి గుద్దితే
విరిగిన పెచ్చుగా పుడుతుంది.
దెబ్బే దానికి పురుడు.

ఎవరు కొట్టారు?
పసి సూర్యుడే, అంటుంది ఒదీల్;
పళ్లొచ్చే బిడ్డలా
చేతికందినదల్లా విసిరిన రోజులవి.
పుట్టకముందు మబ్బులోనే ఉందేమో,
ఎక్కడి కిరణాలో తెచ్చి పడేశాయేమో, అంటాను.
కాఫీలు చల్లారాయి. తేలలేదు.

సాయంత్రం రెండో ముక్క కోస్తుంటే
నల్లటి పెంకు పగుల్లో
ఎర్రటి పొడి, గింజల పొట్టు.
చిట్టాలో "మలినం" అని రాసి
అసిటోన్ సీసా తీశాను.

కడిగేముందు
దాన్నీ తూచాను.
రాయడానికి గడి లేదు.