నూట పదమూడో పేజీ

బురుల్ టీచర్ ఇచ్చిన పుస్తకానికి అట్ట లేదు.
బొగ్గు బస్తా గుడ్డతో కుట్టిన వీపు,
లోపల పదకొండు పాత కథలు,
ఎవరివో, ఏ దేశాలవో.
రాసినవాళ్ళంతా నేను పుట్టకముందే పోయారు.

"చదివి ఏమనిపించిందో రాయి, జిపార్.
కథేమిటో నాకు చెప్పకు. అది నాకు తెలుసు."

మొదటి కథకి రాశాను: బాగుంది.
రెండోదానికి: బాగుంది, కానీ పొడుగు.
మూడోదాంట్లో ఒకావిడ కిటికీ దగ్గర కూర్చుని
పదహారు పేజీలు వాన చూస్తుంది.
ఏమీ అనిపించలేదు, అని రాశాను,
మా నారిన్‌లో ఏప్రిల్ దాకా మంచు చూస్తాం,
దాని మీద ఎవరూ కథ రాయరు.
కింద ఎర్ర సిరాతో ఒక్క మాట:
"ఎందుకు రాయరు?"

నాలుగోది ఉప్పు గుమాస్తా కథ.
ఏదో రేవు ఊరు. ముప్ఫై ఏళ్ళుగా ఒకే కాటా,
ముప్ఫై ఏళ్ళుగా పళ్ళెం అంచున అతని చిటికెన వేలు.
ఎవరికీ తెలీదు. పెళ్ళానికీ తెలీదు.
వేలికి మాత్రం కాయ కాసింది.
ఓ సాయంత్రం, కొట్టు కట్టేసే వేళ,
చెప్పుల్లేని పిల్ల ఒకతి వచ్చి
ఉప్పు అడగదు.
తన అరచెయ్యి పళ్ళెంలో పెట్టి
"ఇది ఎంత తూగుతుంది?" అంటుంది.
అతను తూకపు రాళ్ళ వంక చూస్తాడు.
పిల్ల వంక చూస్తాడు.
వేలు ఎత్తి

నూట పన్నెండు. ఆ పక్కన నూట పదిహేను.
మధ్యలో, కుట్టు దగ్గర, ఎలక పళ్ళలాంటి చిరుగు.

కథ కంచికి పోలేదు. నాకు నిద్ర రాలేదు.
పైపుల్లో వేన్నీళ్ళు గొణుగుతుంటే
దుప్పటి కింద టార్చి పెట్టుకుని
ఒకటి కాదు, ఏడు ముగింపులు రాసి కొట్టేశాను.

మర్నాడు బజార్లో జొల్దోష్ బాబాయి
ఎవరో ముసలాయనకి గొర్రె మాంసం తూస్తున్నాడు.
నేను మొహం చూడలేదు, వేళ్ళు చూశాను.
నేను చూడటం ఆయన చూశాడు.
"ఏంటే?"
"ఏం లేదు."
ముసలాయన సంచిలో ఇంకో ముక్క పడేశాడు.
జాలి పడ్డాడో, బాకీ తీర్చాడో.
నిన్నటిదాకా బాబాయంటే నాకు బాబాయే.

ఆ ఏడూ పట్టుకెళ్ళి టీచర్ ముందు పెట్టాను.
అసలుది ఏది?
ఆవిడ కళ్ళజోడు తీసి శాలువతో తుడిచింది,
చాలాసేపు.

"అదో చలికాలం. దేశం కొత్తది. జీతాలు పాతవే,
అవీ రాలేదు. పొగాకు దొరికేది, కాగితం దొరికేది కాదు.
ఆ పేజీ మా ఆయన ఎసెన్ చుట్టుకుని కాల్చేశాడు.
ముందు చదివాడులే. పొయ్యి వెలుగులో, రెండు వైపులా.
చదివి పగలబడి నవ్వాడు. తర్వాత చుట్టుకున్నాడు."

ఎందుకు నవ్వారు?

"అడగలేదు. కోపంగా ఉన్నాను. పుస్తకం బడిది."

ఇంకో ప్రతి ఎక్కడైనా ఉంటుందిగా?

"బిష్కెక్‌లో ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్తాను.
వెతకలేదు."

ఇంక అడగబుద్ధి కాలేదు.
దారంతా ఒకటే ఆలోచన, నది పక్కనే, నదిలాగే:
నేను రాసిన ఏడు ముగింపుల్లోనూ
ఎవరో ఒకరు ఏడుస్తున్నారు.
జీతం లేని మనిషి,
చలికి బూట్లతోనే పడుకునే మనిషి
నవ్వగలిగిన ముగింపు
నాకు ఒక్కసారైనా తట్టలేదు.

ఏమనిపించిందో రాయమంది కదా.
పేజీ పైన తారీఖు వేశాను. అంతే కదిలింది పెన్ను.

శనివారం, బాబాయి దుకాణం కడిగేస్తుంటే
తడి పళ్ళెంలో నా చెయ్యి పెట్టాను.
ఇనుము చల్లగా కరిచింది.
"ఎంత తూగుతుంది?"

ఆయన చీపురు గోడకి ఆనించాడు.
ముల్లు అటూ ఇటూ ఊగి ఆగేదాకా
ఎంతో పెద్ద బేరమైనట్టు వంగి చూశాడు.
"నాలుగు వందల గ్రాములు," అన్నాడు,
"ఎముకతో కలిపి. ఎముక వద్దంటే
వేరే రేటు."

నవ్వాను. ఎంత నవ్వానంటే
పక్క కొట్టు ఆవిడ తొంగి చూసింది.

అప్పుడు ఆయన చిటికెన వేలు ఎక్కడుందో
చూడటం మర్చిపోయాను.