తనిఖీ

హమమత్సు ఫ్యాక్టరీలో
ఇరవై తొమ్మిదేళ్ళు ఫుమియెది ఒకటే పని.
ప్రతి మెట్టూ ఒక్కసారి నొక్కడం,
పలికితే ముందుకు తోసేయడం.

రిటైరయ్యాక మేనల్లుడి పాత కీబోర్డు ఇంటికొచ్చింది,
అడాప్టర్ లేకుండా.
ఆరు బ్యాటరీలు వేసి
హెడ్‌ఫోన్లు తగిలించుకుని
మొదటి మెట్టు నొక్కింది.
బాగానే ఉంది.
రెండోది, అదీ బాగానే ఉంది.
అన్నీ పలుకుతున్నాయి,
ఏదీ పక్కదానితో మాట్లాడదు.

బొటనవేలు నడిమివేలి కిందుగా దూరాలట,
పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది.
దూరదే!
వారం రోజులు, అన్నం చల్లారేదాకా
సరిగమలో మూడే అక్షరాలు.

కింది వాటా ఒకిత్సు గారు
చెత్తబుట్టల దగ్గర ఆపి అడిగారు:
"రాత్రి పన్నెండింటికి ముల్లంగి తరుగుతున్నారా?"

"అవునండీ,
ముక్కలింకా సమానంగా రావడం లేదు."