కాగితం వెనకవైపు

పదిహేడేళ్ళుగా నా ఉద్యోగం లేమిని లెక్కపెట్టడం.
చిత్తూరు నుంచి పొద్దున్నే బండేసుకుని
ఊరూరా వెళ్ళి కూర్చుని
గళ్ళ కాగితంలో 'లేదు' అని రాస్తాను.
రోడ్డు లేదు. డాక్టరు లేడు. లేదు, లేదు.
చేతికి అలవాటైపోయి ఒకసారి
నా పేరుండాల్సిన గడిలో కూడా 'లేదు' అని రాసి
కింద సంతకం పెట్టాను. ఎవరూ పట్టుకోలేదు.

ఊటవంక మిట్ట మీద ఆ రోజు
నాలుగో పేజీ నిండిపోయింది.
కన్నెమ్మ చెనిక్కాయలు ఒలుస్తా
నా వైపు చూడకుండానే అడిగింది:
"లేనివన్నీ రాసుకుంటివి గదా సామీ,
ఉండేటివి ఎవురు రాస్తారు?"

అందుకు గడి లేదన్నాను.
"వెనక్కి తిప్పు" అంది.

తిప్పాను. తెల్లగా ఉంది,
ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ చూడని వైపు.

కష్టం చెప్పమంటే వరస కట్టినవాళ్ళు
మీకేం వచ్చో చెప్పమంటే
దొంగతనం ఒప్పుకోమన్నట్టు నేల చూశారు.
పక్కింటివాళ్ళ గురించి అడిగాక గొంతులు లేచాయి.

"చెంగల్రాయులు ఉండాడే, పాకం బుడగ చప్పుడు విని
దించమంటాడు. చూపు పోయి ఆరేండ్లు. చెవి పోలా."
"ఖాదర్ బాషా మోటారు మీద అరచెయ్యి పెట్టి
యాడ కాలిందో చెప్తాడు."
"మా అమ్ములు పది తప్పింది గానీ
నలభైమంది చీటీ లెక్క నోట్లోనే ఉంటాది,
పైసా తేడా వస్తే రేత్రి నిద్రపోదు."
"మాకు అరవం గూడా వస్తాది, వేలూరు సంతలో
ఎవుడూ మోసం చేయలేడు." ఇది ఒక పిల్లోడు,
రాయి, రాయి అని నా మోచెయ్యి కుదుపుతూ.

రెడ్డెప్ప ఒక్కడే దూరంగా నిలబడి అన్నాడు:
"ఉండాదని రాస్తే, ఇంగ మీకేం తక్కవని
ఇచ్చేది గూడా ఆపేస్తారు. రాయొద్దు సార్."
నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.
ముందు పేజీకి పోయి 'రోడ్డు' కింద ఇంకో గీత గీశాను,
కాగితం చిరిగేంత గట్టిగా.

లేవబోతుంటే కన్నెమ్మ నా చేతిలో
నల్లటి బెల్లం ముక్క పెట్టింది. మూడేళ్ళనాటిదట.
నలుపని మండీలో వెనక్కి తోస్తుంటే,
తెలుపు కోసం మందు కలపడానికి మనసొప్పక
గానుగే ఆపేశారట.
ఈ నలుపే వెతుక్కునేవాళ్ళు తిరుపతిలో ఉన్నారని
ఒక మాట చెప్పాను. నేను చేసింది అంతే.

మొదటి పెనం మాడిపోయింది.
దించమని ఒకరు, వద్దని ఒకరు, మంట ఎగదోయమని ఇంకొకరు
చుట్టూ చేరి అరుస్తుంటే
చెంగల్రాయులకు బుడగ వినపడలేదు.
రెండో పెనానికి కన్నెమ్మ అందరినీ గట్టెక్కించింది.
బెండకాడల జిగురు పోసి మడ్డి తీసే ఆడవాళ్ళు కూడా
గాజులు పైకి తోసుకున్నారు, గలగలమనకుండా.
చిటచిట. కాసేపటికి గుబగుబ. ఆ తర్వాత
నిద్రలో పసిబిడ్డ పెదవి విడిచినట్టు
ఒక్క 'బుప్'.
"దించండి" అన్నాడాయన.

మొదటి నెల నష్టం, రెండో నెల కాస్త తక్కువ నష్టం.
మూడో నెల లెక్క అడిగితే
అమ్ములు చెప్పకుండా నవ్వింది.
రోడ్డు మాత్రం రాలేదు.
ఖాదర్ బాషా ఆటోలో బెల్లం దిమ్మెలు
గుంతగుంతకీ ఎగిరిపడుతూ పోతున్నాయి.
రెడ్డెప్ప వాటిని అదిమి పట్టుకుని వెనక కూర్చుంటాడు,
నన్ను చూస్తే గుంతలవైపు వేలు చూపిస్తాడు.

ఆఫీసులో ఆ కాగితం తీసుకున్నారు.
ముందు పేజీలన్నీ యంత్రంలోకి పోయాయి.
వెనకవైపు స్కాన్ కాదు సార్, అన్నారు.

అసలు ప్రతి నా బీరువాలోనే ఉంది.
నిన్న తీసి చూస్తే చీమలు.
నాలుగు పేజీల 'లేదు' మీదుగా
ఎక్కడా ఆగకుండా నడిచి,
వెనకవైపు నా బెల్లం వేలిముద్ర పడినచోట
గుమిగూడి ఉన్నాయి.

దులపలేదు. మూసి పెట్టేశాను.